ఇంటిపేరు పెద్దక్షరాల్లో, వరస మాత్రం మన ఇష్టం

మొన్న ఆఫీసు క్యాంటీన్ టీవీలో బ్యాడ్మింటన్ వస్తోంది. పక్కన కూచున్న లక్నో కుర్రాడు "ఈ పుసర్ల ఎవరు సార్, కొత్త ప్లేయరా?" అన్నాడు. స్క్రీన్ మీద పుసర్ల అని మొత్తం క్యాపిటల్ లెటర్స్‌లో ఉంది, తర్వాత ఒక వి, తర్వాత సింధు అని మామూలుగా, మొదటి అక్షరం ఒక్కటే పెద్దది. సింధూనే బాబూ అంటే "మరి ఆమె పీవీ కదా" అన్నాడు. ఏళ్ళ తరబడి హైదరాబాద్‌లో ఉంటున్నాడు, ఊళ్ళో సింధు ఫోటో ఉన్న హోర్డింగులు ఎన్ని చూసుంటాడో, ఆ పీ లో ఏముందో అడగాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. పుసర్ల వెంకట సింధు అని పూర్తిగా చెప్పాక కాసేపు ఆలోచించి "అంటే మీకు సర్‌నేమ్ ముందొస్తుందా?" అన్నాడు. వస్తుంది నాయనా, ఎప్పట్నుంచో అక్కడే ఉంది.

అప్పట్నుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. పాస్‌పోర్ట్ ఆఫీసుల్లో, కాలేజీ అడ్మిషన్లలో, బ్యాంకుల్లో మన పేర్లతో పడే గోలకి ఒక మంచి ఉపాయం ఆ స్కోరుబోర్డు వాళ్ళు చడీచప్పుడు లేకుండా వాడేస్తున్నారు. ఇంటిపేరు ఎక్కడున్నా సరే దాన్ని మొత్తం క్యాపిటల్స్‌లో పెడతారు, అంతే. కిడాంబి శ్రీకాంత్ అయితే కిడాంబి ముందుంది, అది పెద్దక్షరాల్లో. సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి అయితే రంకిరెడ్డి చివర్లో ఉంది, అది పెద్దక్షరాల్లో. ఇద్దరూ తెలుగువాళ్ళే, ఇద్దరి పేర్లూ వేర్వేరు వరసల్లో ఉన్నాయి, అయినా చూసేవాడికి డౌటు రాదు. సైనా నెహ్వాల్‌కీ అదే పద్ధతి, లక్ష్య సేన్‌కీ అదే. ఎవరినీ నీ పేరు తిప్పి రాసుకో అని అడగలేదు.

నేననేది ఇంతే. మన పేర్లని ఫస్ట్ నేమ్ లాస్ట్ నేమ్ గడుల కోసం తిరగేసుకోవడం ఆపేద్దాం. ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడు ఇంటిపేరు మొత్తం క్యాపిటల్స్‌లో రాసి, వరస మనకి అలవాటైనట్టే ఉంచుకుందాం. వినడానికి చాలా చిన్న విషయం. కానీ దీని మీద ఆలోచిస్తున్న కొద్దీ ముళ్ళు చాలా తగులుతున్నాయి, అవి కూడా చెప్తా.

గ్రేస్ గారి ఇనీషియల్స్, పీవీ గారి ఇనీషియల్స్

గొడవంతా ఇక్కడ మొదలైందని నా అనుమానం. పాతకాలం ఇంగ్లీషు క్రికెటర్ డబ్ల్యూ.జి. గ్రేస్ ఉన్నాడు కదా, ఆయన విలియం గిల్బర్ట్ గ్రేస్. ఇనీషియల్స్‌లో దాక్కున్నవి ఆయన సొంత పేర్లు, బయటికి కనపడేది ఇంటిపేరు. ఇప్పుడు పి.వి. నరసింహారావు గారిని తీసుకోండి, పాములపర్తి వెంకట నరసింహారావు. దాక్కున్నది ఇంటిపేరు, బయట కనపడేది సొంత పేరు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండక్షరాలు, చుక్కలు, తర్వాత పేరు. లోపల సరుకు మాత్రం తలకిందులు. ఇంగ్లీషు చదివిన మనవాళ్ళు ఆ ఇనీషియల్ పద్ధతి తెచ్చుకుని మన వరసకి తగిలించేశారు, అది మనకి బాగా కుదిరింది కూడా. కానీ అటువైపు నించి చూసేవాడికి చివర్లో ఉన్నదే సర్‌నేమ్. అందుకే 1991లో ఆయన ప్రధాని అయ్యాక ఇంగ్లీషు పేపర్లు మిస్టర్ రావు అని రాస్తూ పోయాయి. మా కాలనీలో గేటు దగ్గర నిలబడి మిస్టర్ రావు అని కేకేస్తే ఎన్ని బాల్కనీల్లోంచి తలకాయలు బయటికొస్తాయో ఆ పేపర్ల వాళ్ళకేం తెలుసు.

ఇంకా పెద్ద ఉదాహరణ మన గచ్చిబౌలిలోనే ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ పక్కనించి పోయే ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు మీద రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే వాళ్ళలో ఆ సి అంటే కల్యంపూడి అని ఎంతమందికి తెలుసంటారు? కల్యంపూడి రాధాకృష్ణరావు, 1920లో పుట్టి 2023లో పోయిన స్టాటిస్టిక్స్ మహానుభావుడు. 1945లో ఆయన రాసిన పేపర్ వల్ల ప్రపంచమంతా క్రామర్ రావు బౌండ్ అని చదువుకుంటోంది. క్రామర్ అనేది ఆ స్వీడన్ ఆయన ఇంటిపేరు, రావు అనేది ఈయన సొంత పేరుకి తోక. పక్కపక్కన ఒకటే సైజులో నిలబడ్డాయి. కల్యంపూడి ఎక్కడా లేదు. అమెరికాలో పనిచేసిన బయోకెమిస్ట్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిది ఇంకో రకం. సుబ్బారావు అనే పేరే అక్కడ సర్‌నేమ్ అయి కూచుంది, 1925 నాటి ఫిస్క్ సుబ్బారో పద్ధతి అని బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఉంటుంది, ఆఖరికి ఒక ఫంగస్‌కి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టినప్పుడు కూడా ఆ సొంత పేరే. ఎల్లాప్రగడ అనే మాట ఫంగస్ దాకా కూడా రాలేదు పాపం.

వీళ్ళకి ఏమైనా నష్టం జరిగిందా అంటే లేదనే చెప్పాలి, ఇద్దరి పేర్లూ నిలిచిపోయాయి. కానీ అంత పేరు లేని వాళ్ళ సంగతి చూడండి. రిసెర్చ్ చేసే రెడ్డిలూ రావులూ ఇంటర్నేషనల్ జర్నల్స్‌లో ఒకే కుప్పలో పడి ఎవరు ఏ పేపర్ రాశారో తెలీక కొట్టుకుంటుంటారు. ఇంటిపేరుతో రిఫరెన్స్ ఇస్తే ఈ కుప్పే ఉండదు, ఎందుకంటే మన ఇంటిపేర్లు వేలల్లో ఉన్నాయి, ఈ తోకలు మాత్రం గుప్పెడు.

స్క్రిప్టు రన్ చేస్తే ఏమైందంటే

నేను చేసేది డేటా పని. మాదాపూర్‌లో కూచుని ఎక్కడెక్కడి వాళ్ళ కస్టమర్ లిస్టులూ శుభ్రం చేస్తుంటాం. పేర్లు కొన్ని మొత్తం క్యాపిటల్స్‌లో వస్తాయి, కొన్ని మొత్తం చిన్నక్షరాల్లో వస్తాయి, వాటిని "అందంగా" చెయ్యమని చెప్తారు, అంటే ప్రతి మాటకి మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి. ఒరాకిల్‌లో ఇనిట్‌క్యాప్ అని ఒక ఫంక్షన్ ఉంది, అది రెండు సెకన్లలో లక్ష పేర్లకి ఈ పని చేసి పడేస్తుంది.

చేసి పడేస్తుంది అంటే నిజంగానే పడేస్తుంది. కె.వి.ఎస్.ఆర్. ప్రసాద్ గారు చుక్కలు లేకుండా రాసుకున్నారనుకోండి, ఆ నాలుగక్షరాలు ఒక మాట అనుకుని కె ఒక్కటి పెద్దది చేసి మిగతా మూడూ చిన్నవి చేస్తుంది. ఒకసారి ఒక మీటింగ్‌కి వచ్చిన వాళ్ళ బ్యాడ్జీలు అలాగే ప్రింట్ అయిపోయాయి, డెన్వర్ నించి వచ్చిన ఆవిడ అచ్చం అలాంటి బ్యాడ్జీ పట్టుకుని, దాన్ని మాటలాగా పలకాలనుకుని "క్విస్ర్..." అని ఆగిపోయి ఆయన మొహం వైపు చూసింది. ఆయన చాలా మర్యాదగా "ప్రసాద్, మేడమ్" అన్నారు. ఇలాంటివి స్కాట్లాండ్ వాళ్ళకీ ఉన్నాయి లెండి, మెక్‌డొనాల్డ్‌లో డి పెద్దగా ఉండాలి, మిషన్ దాన్ని చిన్నది చేస్తుంది. డచ్ వాళ్ళ వాన్ ఉంది, విన్సెంట్ వాన్ గో అనే పెయింటర్ పేర్లో లాగా, విన్సెంట్ ముందుంటే వాన్‌లో వి చిన్నది, విన్సెంట్ లేకుండా ఇంటిపేరు ఒక్కటే రాస్తే పెద్దది, అదే పక్కనే బెల్జియంలో అయితే రిజిస్టర్‌లో ఎలా ఉంటే అలా. ఇవన్నీ ఏ స్క్రిప్టుకి నేర్పిస్తాం.

మన దగ్గర ఇంకో తమాషా ఉంది. తెలుగులో చ ఒకే అక్షరం, ఇంగ్లీషులో దానికి రెండు కావాలి. అందుకే చింతల వాళ్ళు, చెరుకూరి వాళ్ళు, చెన్నమనేని వాళ్ళు ఒట్టి సి అని రాసుకోరు, సి పెద్దది, పక్కన హెచ్ చిన్నది, తర్వాత ఒక చుక్క. ఆ చిన్న హెచ్ చాలా పని చేస్తోంది, నేను రెండో ఇనీషియల్ కాదురా, ఈ సి కి తోకనే అని చెప్తోంది. ఫారం మొత్తం క్యాపిటల్స్‌లో నింపాక ఆ తేడా పోయింది. మా డేటాలో ఒకాయనకి సి ఫస్ట్ నేమ్ అయింది, హెచ్ మిడిల్ నేమ్ అయింది. షేక్ వాళ్ళు ఎస్ కె అని రాసుకుంటారు, అక్కడా ఇదే తంతు.

అన్నిటికంటే ఘోరం మహ్మద్ అనే పేరుది. హైదరాబాద్‌లో మహ్మద్‌ని కుదించి ఎం పెద్దది, డి చిన్నది పెట్టి రాయడం ఎంత మామూలో చెప్పక్కర్లేదు. ఒక ప్రాజెక్టులో పేర్లన్నీ పెద్దక్షరాల్లో వచ్చాయి. క్లయింట్ వాళ్ళ టూల్ ఆ ఎండీని డాక్టర్ చదువు అనుకుని పేర్లోంచి పీకి టైటిల్ గడిలో పడేసింది. పాతబస్తీ అడ్రసులున్న వాళ్ళంతా రాత్రికి రాత్రి డాక్టర్లైపోయారు. మా టీమ్‌లో ఉన్న ఒక అబ్బాయిది కూడా అదే పేరు, లిస్టు చూసి "మా అమ్మీ ఖుష్ అవుతది భయ్యా, ఎంసెట్ రాయకుండనే డాక్టర్ అయిన" అన్నాడు. మేం చాలాసేపు నవ్వాం. తర్వాత అతనే కూచుని మధ్యాహ్నమంతా వాటిని చేత్తో సరిచేశాడు, అప్పుడెవరికీ నవ్వు రాలేదు.

ఇక్కడ నాకు తెలిసొచ్చింది ఏంటంటే, పెద్దక్షరం చిన్నక్షరం అనే తేడా ఇంగ్లీషు వాళ్ళు ఊరికే అలంకారానికి పెట్టుకున్నా సరే, పేర్ల విషయంలో దాన్లో సమాచారం ఉంటుంది. "ఫిల్ ఇన్ బ్లాక్ లెటర్స్" అని ఫారం మీద రాసినవాడు ఆ సమాచారాన్ని తుడిచేస్తున్నాడు. చేతిరాత అర్థం కావడం కోసం పెట్టిన రూలు అది, ఇప్పుడు ఫారాలన్నీ కంప్యూటర్‌లోనే నింపుతున్నా ఆ రూలు మాత్రం పోలేదు.

అమీర్‌పేటలో క్యాప్స్ లాక్

మైత్రీవనం వెనక సందులో ఒక జిరాక్స్ షాపు ఉంది, ఆన్‌లైన్ అప్లికేషన్లన్నీ నింపిపెడతాడు. అతని కీబోర్డు మీద ఎ, ఎస్, ఎన్ అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి, క్యాప్స్ లాక్ లైటు మాత్రం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నేను ఆధార్ జిరాక్స్ కోసం నిలబడితే నా ముందు జగిత్యాల నించి వచ్చిన ఒక పెద్దాయన కొడుకు పాస్‌పోర్ట్ నింపిస్తున్నాడు.

"సర్‌నేమ్ ఏం పెట్టాలె?"

"ఇంటిపేరు పెట్టు బిడ్డా."

"మెమోల ఇంటిపేరు యాడుంది? ఒట్టి లెటరే ఉన్నది."

"మరి ఒదిలిపెట్టు."

షాపతను నిజంగానే సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, గివెన్ నేమ్ గడిలో ఇనీషియల్‌తో సహా మొత్తం కొట్టేశాడు. పాస్‌పోర్ట్ వాళ్ళు దాన్ని ఒప్పుకుంటారు కూడా, సర్‌నేమ్ తప్పనిసరి కాదు. నేను ఆగలేక మధ్యలో దూరి, అన్నా అలా వదిలేస్తే గల్ఫ్‌లో ఇబ్బంది అవుతుంది, 2022 నవంబర్‌లో యూఏఈ వాళ్ళు పాస్‌పోర్ట్ మీద ఒకే పేరున్న వాళ్ళని విజిట్ వీసా మీద రానివ్వమని చెప్పారు గదా అన్నాను. షాపతను నన్ను ఎగాదిగా చూసి "మీరు ఏజెంటా సార్?" అన్నాడు. పెద్దాయన మాత్రం ఇంటిపేరు పెట్టించాడు. స్పెల్లింగ్ దగ్గర మళ్ళీ ఆగింది, ఎందుకంటే ఇంటిపేరు ఆ కుటుంబంలో ఎవరూ ఇంగ్లీషులో ఎప్పుడూ పూర్తిగా రాయలేదు. తాత పట్టాదారు పాస్‌బుక్ తెలుగులో ఉంది. మెమోలో ఒక అక్షరం. అంటే ఆ షాపతను ఆ సాయంత్రం అరిగిపోయిన కీబోర్డు మీద కొట్టిన స్పెల్లింగే ఇక ఆ వంశానికి ఖాయం.

రెండో రకం తప్పు మా మేనల్లుడికి జరిగింది. అతని పాస్‌పోర్ట్‌లో పేరు మొత్తం సర్‌నేమ్ గడిలో పడి గివెన్ నేమ్ ఖాళీ అయింది. అమెరికా వీసా వేసేటప్పుడు గివెన్ నేమ్ లేకపోతే ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు, ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అన్నమాట. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ నించి పాస్‌పోర్ట్ తిరిగొచ్చిన రోజు ఇంట్లో స్వీట్లు పంచారు, ఆ మూడక్షరాలు ఎవరూ పట్టించుకోలేదు. అక్కడికెళ్ళాక యూనివర్సిటీ మెయిలు, బ్యాంకు కార్డు, లైబ్రరీ కార్డు, అన్నిటి మీదా అదే. వాళ్ళ ల్యాబ్‌లో ఇప్పటికీ కొంతమంది "ఫ్నూ" అని పిలుస్తారట, అదొక ఆసియా పేరు అనుకుని.

పాస్‌పోర్ట్ ఫోటో పేజీ కింద రెండు వరసలు ఉంటాయి చూడండి, బాణాల్లాంటి గుర్తులతో. ఒక్కో వరసకి 44 గళ్ళు. మొదటి వరసలో డాక్యుమెంటు రకం, దేశం పోగా పేరుకి మిగిలేవి 39. అందులో ముందు ఇంటిపేరు, తర్వాత రెండు బాణాలు, తర్వాత సొంత పేరు. అంతా పెద్దక్షరాలే, వేరే దిక్కు లేదు, అయినా ఏది ఏదో మిషన్‌కి తెలుస్తుంది, ఆ రెండు బాణాల వల్ల. పైగా అక్కడ ఇంటిపేరే ముందుంటుంది, అచ్చం మనలాగా! మిషన్ కోసం ఇంత జాగ్రత్త తీసుకున్న వాళ్ళు బోర్డింగ్ పాస్ చదివే మనిషి కోసం ఎందుకు తీసుకోలేదో.

తిప్పుకున్న వాళ్ళు, తిరిగి తిప్పుకున్న వాళ్ళు

ఇంటిపేరు ముందు పెట్టుకునేది మనమొక్కళ్ళమే కాదు. చైనా, కొరియా, జపాన్, హంగరీ, అందరిదీ అదే వరస. హంగరీ వాళ్ళు సొంత భాషలో ముందు ఇంటిపేరు రాసుకుని, బయటివాళ్ళ కోసం తిప్పి రాస్తారు. జపాన్ వాళ్ళు కూడా మెయిజీ కాలం నించి ఇంగ్లీషులో తిప్పే రాసుకునేవాళ్ళు. 2019లో వాళ్ళ ప్రభుత్వం కూచుని ఇక చాలు అనుకుంది, 2020 జనవరి 1 నించి ప్రభుత్వ పత్రాల్లో రోమన్ అక్షరాల్లో కూడా ఇంటిపేరే ముందు, ఏది ఇంటిపేరో తేల్చి చెప్పాల్సిన చోట దాన్ని మొత్తం క్యాపిటల్స్‌లో రాయొచ్చు అని పెట్టుకున్నారు. ఫ్రాన్స్ వాళ్ళ ఆఫీసు కాగితాల్లో ఇంటిపేరు పెద్దక్షరాల్లో రాయడం ఎప్పట్నుంచో ఉంది. కాబట్టి నేను చెప్పేది ఏదో బ్యాడ్మింటన్ పిచ్చి అని కొట్టేయకండి.

మన దగ్గర ఎవరూ కూచోలేదు, ఏమీ అనుకోలేదు, ఎవరి తోవ వాళ్ళది. సినిమావాళ్ళనే చూడండి. అక్కినేని నాగార్జున, అల్లు అర్జున్, అడివి శేష్, వీళ్ళది పాత వరస. విజయ్ దేవరకొండ, రామ్ పోతినేని, వీళ్ళది కొత్త వరస. రాజమౌళి గారి ఎస్.ఎస్. లో అసలు ఇంటిపేరే లేదు, అది శ్రీశైల శ్రీ, కోడూరి అనేది బయటే ఉండిపోయింది. మనకి ఇవన్నీ చూడగానే తెలిసిపోతాయి, అల్లు ఇంటిపేరు, విజయ్ సొంత పేరు, ఎవరూ చెప్పక్కర్లేదు. ముంబైలో వాడికి మాత్రం అల్లు అనేది ముద్దుపేరు. క్రికెట్ స్కోరుకార్డులో జి.హెచ్. విహారి అని ఉంటే ఆ జి గాదె అని ఇక్కడ కూడా అందరికీ తెలీదు.

అయితే ఈ క్యాపిటల్స్ పద్ధతి బ్యాడ్మింటన్‌లోనే ఒకచోట బోల్తా పడింది. 2019లో వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచిన భమిడిపాటి సాయి ప్రణీత్ పేరు స్కోరుబోర్డు మీద ఒక బి, సాయి ప్రణీత్ మొత్తం పెద్దక్షరాల్లో, అలా వచ్చేది. ఇంటిపేరు ఒక్కక్షరంగా నమోదైతే ఇక మిగిలిందే ఇంటిపేరు అని సిస్టమ్ తీర్మానించింది. దీన్నిబట్టి ఇంటిపేరు పూర్తిగా రాస్తేనే క్యాపిటల్స్ పని చేస్తాయి. ఇనీషియల్ మీద మనకున్న ప్రేమ, ఈ పద్ధతి, రెండూ ఒక ఒరలో ఇమడవు. ఇది నాకు కాస్త బాధగానే ఉంది, ఎందుకంటే ఇనీషియల్ ఎంత హాయి.

ఇంటిపేరు చూపించడం ఇష్టం లేకపోతే?

నా ఫ్రెండు ఒకడికి ఇదంతా చెప్తే పూర్తిగా విని ఒక్క మాట అన్నాడు, "నీకేం, నువ్వు ఎంత పెద్దగైనా రాసుకుంటావు." వాడు ఉద్యోగంలో చేరిన మొదటి వారం మేనేజర్ ఇంటిపేరు అడిగి, అది విని, ఏ ఊరు అని అడిగి, అక్కడితో ఆగాడట. ఆ ఆగడం ఎందుకో మన రాష్ట్రాల్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఇంటిపేరు చెప్తే చాలు, ఊరు తోడైతే ఇంకా చాలు, అవతలివాడు కులం లెక్కకట్టేస్తాడు. వాడు అప్పట్నుంచి మెయిల్స్‌లో ఇంటిపేరు ఒక్కక్షరమే రాస్తాడు. ఆ ఒక్కక్షరం వాడికి తలుపు గడియ.

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. తోకలు కూడా అంతే కదా, రెడ్డి, చౌదరి, శర్మ, అవి ఇంకా గట్టిగా అరుస్తాయి, కనీసం ఇంటిపేరు తెలియాలంటే కొంచెం జ్ఞానం కావాలి అని వాదించా. వాడు "ఆ జ్ఞానం ఇక్కడ అందరికీ ఫుల్లుగ ఉంది" అన్నాడు. నిజమే. కాబట్టి నా ప్రతిపాదన కొంచెం కుదించుకుంటున్నా. పాస్‌పోర్ట్, వీసా, రిసెర్చ్ పేపరు, విమానం టికెట్టు, ఇలాంటి చోట్ల ఎలాగూ ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, అక్కడ దాన్ని గుర్తుపట్టేలా రాయండి అంటున్నా. ఆఫీసు మెయిల్ సంతకంలో, ఇంటి గేటు మీద, ఎవరిష్టం వాళ్ళది. అమెరికాలో బెల్ హుక్స్ అనే రచయిత్రి ముత్తవ్వ పేరు తీసుకుని, దాన్ని మొత్తం చిన్నక్షరాల్లోనే రాయమంది, మనిషిని కాదు రాసింది చూడండి అని. పెద్ద పెద్ద పేపర్లు కూడా అలాగే వేశాయి. అక్షరం సైజు ఎంతుండాలో పేరు గలవాళ్ళే చెప్తారు, మిగతావాళ్ళు వినాలి, అది క్యాపిటల్స్‌కీ వర్తిస్తుంది.

ఇంటిపేరే లేనివాళ్ళ మాటేంటి అంటే, అది ఇంకో పెద్ద కథ. పాతబస్తీలో మహ్మద్, సయ్యద్, షేక్ అనేవి ముందుంటాయి కానీ చాలా ఇళ్ళల్లో అవి మన ఇంటిపేరు లాంటివి కావు, అన్నదమ్ములకి వేర్వేరుగా ఉన్న ఇళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళని ఏదో ఒకటి పెద్దక్షరాల్లో రాయమని అడిగితే మనల్ని ఫస్ట్ లాస్ట్ అని అడిగినవాడికీ నాకూ తేడా ఏముంది? ఏదీ పెద్దక్షరాల్లో లేకపోతే ఇంటిపేరు లేదని అర్థం, అంతే, ఆ సదుపాయం ఈ పద్ధతిలో ఉంది, గడుల పద్ధతిలో లేదు.

తెలుగులో రాస్తే

తెలుగులో పెద్ద చిన్న లేవు కాబట్టి ఈ బాధ లేదు అనుకుంటాం. కానీ మనం తెలుగులో కూడా ఇంగ్లీషు ఇనీషియల్సే రాస్తాం, ఎస్.వి. అని, కె.వి. అని, ఇంగ్లీషు అక్షరాల పేర్లు తెలుగు లిపిలో. తమిళులు కరుణానిధికి ము. అని తమిళ అక్షరమే పెట్టుకున్నారు, కన్నడిగులు ద.రా. బేంద్రే అన్నారు. మన దగ్గర కొ.కు., రా.రా., చా.సో. లాంటి రచయితలు కొందరే ఆ దారిలో నడిచారు, పేపర్లు మాత్రం పీవీ, వైఎస్, ఎన్టీఆర్ అని ఏకంగా చుక్కలు కూడా తీసేసి కొత్త మాటలు తయారుచేశాయి, అవి బాగానే ఉన్నాయి, చదవడానికి ఆగక్కర్లేదు. నాకు అన్నిట్లోకీ ముచ్చటేసేది సినారె. అందులో సి సింగిరెడ్డిలో మొదటి తెలుగు అక్షరం, ఇంగ్లీషులో కూడా ఆయన సి. నారాయణ రెడ్డే, ఆ ఇంటిపేరుని సి తోనే రాశారు కాబట్టి. ఏ లిపిలో ఏ ఇనీషియల్ తీసినా ఒకటే వచ్చిన అదృష్టవంతుడు.

ఇప్పుడు మాత్రం తెలుగులో రాసేటప్పుడు కూడా సత్య నాదెళ్ల అనే రాస్తున్నాం. ఆయన తను రాసుకునే వరస అది, పర్లేదు. కానీ మొన్న మా అపార్ట్‌మెంట్ వినాయకచవితి చందాల లిస్టులో అందరి పేర్లూ, తెలుగులో, తిప్పి రాసి ఉన్నాయి, సెక్రటరీ గారు వాట్సాప్ కాంటాక్టుల్లోంచి కాపీ కొట్టారు. డెబ్భై దాటిన మా పక్కింటి మాస్టారు లిస్టు ముందు నిలబడి తన పేరు వెతుక్కుని, చివర్న ఇంటిపేరు చూసి, జేబులోంచి పెన్ను తీసి దాని చుట్టూ గీత గీసి ముందుకి బాణం వేశారు. మర్నాడు చూస్తే ఇంకా చాలా పేర్లకి బాణాలున్నాయి.

మా ఇంట్లో సంగతి

ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించా. ఆవిడ మొదటి ప్రశ్న, "మరి నాది ఏ ఇంటిపేరు పెద్దక్షరాల్లో రాస్తావు?" అని. మెమోలో పుట్టింటి ఇనీషియల్, పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో మా ఇంటిపేరు, శుభలేఖల మీద మా ఇంటిపేరు, బ్యాంకులో ఇంకా పాత ఇనీషియల్. పెళ్ళైన మగాడికి ఒక్క కాగితం కూడా మారదు. నేను మొదట్నించీ ఇంటిపేరు ఇంటిపేరు అంటున్నానే కానీ సగం జనాభాకి అది మధ్యలో మారుతుందన్న సంగతి చివరికి గానీ రాలేదని ఆవిడ కోపం. నీ పేరు నీ ఇష్టం, నువ్వు ఏది చెప్తే అదే పెద్దక్షరాలు అన్నాను. "నాది కాదు, దీని సంగతి చెప్పు" అని అమ్మాయి వైపు చూపించింది.

అమ్మాయికి ఇంకా పాస్‌పోర్ట్ తియ్యలేదు. ఆవిడ తన ఇంటిపేరు కూడా సర్‌నేమ్ గడిలో ఉండాలంటోంది, ఎందుకుండకూడదో నాకూ తోచట్లేదు. కానీ వాళ్ళది పదక్షరాలు, మాది పదకొండు, అమ్మాయికి మా అమ్మ పట్టుబట్టి పెట్టించిన మూడు పేర్లు. కాగితం మీద గళ్ళు గీసి రాసి చూశాం, 39 లో పట్టట్లేదు. ఇప్పుడు మూడు పేర్లలో ఏది తీసేయాలో మా అమ్మని ఎవరు అడగాలన్న దగ్గర ఆగింది.